సూచిక: డాక్టర్ బాలమల్లు గారి పేపరు

దీపావళి లోపల మన జిల్లాను సైటేషన్లలో దేశానికే మొదటి స్థానంలో నిలబెట్టకపోతే మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టనని శాస్త్ర సాంకేతిక, చిన్న నీటి పారుదల శాఖల మంత్రివర్యులు శ్రీ గోపాలకిషన్‌రావు గారు బొమ్మెనకుంట మార్కెట్ యార్డులో శపథం చేశారు. ఆయన వచ్చింది కొత్త కాంటా ప్రారంభించడానికి. కాంటా మీద ముందు తానే నిలబడి, తొంభై రెండు కిలోలు తూగి, ఆ ఊపులోనే ఈ శపథం కూడా చేసేశారు.

చప్పట్లు మొదలుపెట్టింది నేనే. బొమ్మెనకుంటలో మా పత్రికకు విలేకరిని నేను, ఏజెంటును నేను, పొద్దున్నే సైకిల్ మీద తిరిగి ఇంటింటికీ వేసేదీ నేనే. కాబట్టి నా వార్తల మీద నాకు పూర్తి బాధ్యత ఉంటుంది. అయితే సైటేషన్ అంటే ఏమిటో మాత్రం నాకు అప్పటికి తెలియదు. పక్కన కూర్చున్న సర్పంచ్ అంతయ్యను అడిగాను.

"కొత్త స్కీము," అన్నాడు అంతయ్య, చప్పట్లు ఆపకుండానే. "సబ్సిడీ ఎంతనో ఇంక చెప్పలే. ముందుగాల మన పేర్లు రాపిచ్చుకోవాలె."

అసలు సంగతి తర్వాత తెలిసింది. అంతకు వారం కింద ఢిల్లీలో అన్ని రాష్ట్రాల శాస్త్ర సాంకేతిక మంత్రుల సమావేశం జరిగింది. ఒక శాస్త్రవేత్త రాసిన పేపరును మిగతా శాస్త్రవేత్తలు తమ పేపర్లలో ఎన్నిసార్లు పేర్కొన్నారో లెక్కగట్టి, జిల్లాకు ఒక నిలువు గీత చొప్పున తెర మీద చూపించారు. పేర్కొన్న ప్రతిసారీ ఒక సైటేషన్ అన్నమాట. అణు జీవశాస్త్రం వంతు వచ్చేసరికి మన జిల్లా గీత కనబడలేదు. మంత్రి గారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. కింద సన్నటి అక్షరాలు ఉన్నాయి: బొమ్మెనకుంట ఉపకేంద్రం, డాక్టర్ డి. బాలమల్లు, పేపర్లు ఒకటి, సైటేషన్లు మూడు. పక్క కుర్చీలోని పొరుగు రాష్ట్రం మంత్రి ఎంతో మర్యాదగా, "మూడు వేలా, మూడు లక్షలా?" అని అడిగాడట.

"నాకు డిపాజిట్ పోయిన ఎలక్షన్ల గూడ పదకొండు వేలచ్చినయ్," అని మంత్రి గారు నాతో చెప్పుకుని బాధపడ్డారు. "మూడంటే ఏంది? మా ఇంట్లనే ఏడు ఓట్లున్నయ్." ప్రజాసేవలో పండిపోయిన మనిషి అలా అంటుంటే ప్రతి మాటా రాసుకున్నాను.

ఇక డాక్టర్ బాలమల్లు గురించి చెప్పాలి. దూస బాలమల్లు సిరిసిల్లలో మగ్గం నేసే పర్శరాములు కొడుకు. హైదరాబాదులో, ఢిల్లీలో చదివి, అణు జీవశాస్త్రంలో డాక్టరేట్ పుచ్చుకుని, మా ఊరి బయట రెండు గదుల పరిశోధన ఉపకేంద్రానికి ఇంచార్జిగా వచ్చాడు. ఆరేళ్లయింది. మనిషి బక్కపలచన, మాట నెమ్మది. ఆయన పని ఉల్లికోడు మీద. ఉల్లికోడు అంటే దోమంత పురుగు. అది పట్టిన వరికి కంకి రాదు, కంకి రావలసిన చోట ఉల్లికాడలాంటి తెల్లటి గొట్టం వస్తుంది. గొట్టంలో ఏమీ ఉండదు. కోడును తట్టుకునే బలం వడ్ల గింజలో ఎక్కడ దాక్కుందో ఆయన కనిపెట్టి, పదకొండు పేజీల పేపరు రాసి విదేశీ పత్రికకు పంపితే వాళ్లు అచ్చు వేశారు. ఫిలిప్పీన్స్‌లో ఒకరు, జపాన్‌లో ఒకరు, కటకంలో ఒకరు దాన్ని ప్రస్తావించారు. ఆ మూడే ఈ మూడు.

ఇప్పుడాయన ఆ బలాన్ని మనం తినే సన్నరకానికి ఎక్కిస్తున్నాడు. కేంద్రం వెనక మడిలో రెండు వందల పద్నాలుగు వరుసలు నాటాడు. ఈ పంట చేతికొస్తే విత్తనం తయారైనట్టే, వచ్చే వానాకాలం ఊరికి పంచవచ్చు. కాని వినాయక చవితి నాడు మైకుసెట్ల లోడుకు అక్కడి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. బావి నిండా నీళ్లున్నాయి, మోటరు తిరగదు.

"పదకొండు దరఖాస్తులు పెట్టిన," అన్నాడు బాలమల్లు నాతో. "అయ్యవారచ్చేదాంక అమాస ఆగుతదా? వరి పొట్ట మీదుంది. ఇరవై రోజులు నీళ్లు పారితె చాలు. పారకపోతె ఆరేండ్ల కష్టం గంగల కలుస్తది. ఇత్తునాలు ఇంకెక్కడ గూడ లేవు."

శపథం చేసిన మూడో రోజునే మంత్రి గారు గెస్ట్‌హౌస్‌లో సమీక్షా సమావేశం పెట్టారు. అధికారులందరూ వచ్చారు. బాలమల్లును మంత్రి గారి ఎదురుగా కూర్చోబెట్టారు. నేను కిటికీ పక్కన నిలబడ్డాను.

"డాక్టర్ సాబ్, మూడే ఎందుకచ్చినయ్? ఎవడన్న అడ్డం తిరిగిండా? పేరు చెప్పుండ్రి, నేను మాట్లాడ్త," అన్నారు మంత్రి గారు.

"ఎవలు లేరు సార్. గీ ఉల్లికోడు మీద పని చేసెటోళ్లే ప్రపంచం మొత్తంల నలభై మంది."

"అంటె నలభై ఓట్లు. అండ్ల మూడు పడ్డయ్. ఉన్న ముప్పై ఏడు ఎటువోయినయ్?"

"వాళ్లింక సదువలేదు కావచ్చు సార్."

"చదువాల్నా?" అని మంత్రి గారు ఆశ్చర్యపోయి అధికారుల వైపు చూశారు. చదవకుండానే పేర్కొనే మార్గం ఏదైనా ఉందా అని ఆ చూపుకు అర్థం.

అప్పుడు లేచాడు హనుమండ్లు. మంత్రి గారి పేషీలో సూపరింటెండెంట్. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన దగ్గర ఒక్క ఫైలు పోలేదు. కదలలేదు కూడా.

"సారూ, జర నాకు సమజ్ చేయుండ్రి," అని ఆయన బాలమల్లును అడిగాడు. "సైటేషనంటే, ముందటోడు రాసిన కాయిదం ఫలానాదని మన కాయిదం మీద రాసుడే గద?"

"అవును."

"పేరు, తారీకు, నంబరు?"

"పేరు, సంవత్సరం, పేజీ నంబరు."

"గంతేనా! మనం రోజు ప్రతి లెటర్ మీద పైన 'సూచిక' అని రాస్తం. ఒకటి, ఫలానా మెమో. రెండు, ఫలానా దరఖాస్తు. అదీ ఇదీ ఒక్కటే గద?"

బాలమల్లు పేపర్లు రాసే మనిషి కాబట్టి ఏ మాటా ఖండితంగా అనలేడు. "ఒక తీరుగ జూస్తే... ఒక్కటే," అన్నాడు. దాంతో ఆయన పని అయిపోయింది.

"జిల్లాల రోజుకు ఎన్ని లెటర్లు పోతయ్?" అన్నారు మంత్రి గారు, కుర్చీ ముందుకు జరుపుకుంటూ.

"అన్ని ఆఫీసులు కలుపుకుంటె నాలుగు వేలు సార్. ఎండకాలం ఇంక ఎక్కువ."

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చేసింది. ఇక మీదట జిల్లాలో జారీ అయ్యే ప్రతి ఉత్తరం, మెమో, నోటీసు, ధ్రువపత్రంలో సూచిక కింద మొదటి అంశంగా డాక్టర్ బాలమల్లు గారి పేపరును పేర్కొనవలెను. పేర్కొనని కాగితం చెల్లదు. మండలానికి లక్ష్యం నెలకు రెండు వేలు. లక్ష్యం చేరని అధికారి ఇంక్రిమెంటు ఆగును. బాలమల్లు తలుపు దగ్గర మంత్రి గారిని పట్టుకుని ట్రాన్స్‌ఫార్మర్ మాట ఎత్తాడు.

"సైటేషన్లు రానియ్యుండ్రి డాక్టర్ సాబ్," అని మంత్రి గారు ఆయన భుజం తట్టారు. "ట్రాన్స్‌ఫార్మర్ ఏంది, సబ్‌స్టేషనే పెట్టిస్త. ఫికర్ చెయ్యకుండ్రి."

మర్నాటి నుంచి జిల్లాలో శాస్త్ర చైతన్యం వెల్లివిరిసింది. బడికి రాని ఒక పంతులుకు మెమో వచ్చింది: సూచిక ఒకటి, వరిలో ఉల్లికోడును తట్టుకునే జన్యువు స్థానం, డాక్టర్ బాలమల్లు, రెండు, మీరు పదహారు రోజులుగా బడికి రాకపోవడం. ఒక ముసలాయన చనిపోతే మరణ ధ్రువపత్రంలోనూ సూచిక ఒకటి ఉల్లికోడే. అది చూసి ఆయన కోడళ్లు, మామ పాణం తీసింది గీ రోగమేనా అని కొత్తగా ఏడుపు ఎత్తుకున్నారు. కోళ్ల దొంగ మీద రాసిన కేసులోనూ బాలమల్లు పేరు మొదట ఉండటంతో దొంగ కూడా ఆయన్ను చాలా గౌరవంగా తలుచుకున్నాడు. పెద్దపల్లిలో ఒక గుమాస్తా అయితే పై అధికారి మెప్పు కోసం కూతురి పెళ్లి పత్రిక మీద కూడా అచ్చు వేయించాడు, ముహూర్తానికి పైన, గణపతి బొమ్మకు కింద.

మొదటి వారం ఇరవై రెండు వేలు. "బాలమల్లు ప్రభంజనం" అని నేను శీర్షిక పెట్టాను. ఆ కత్తిరింపును పట్టుకెళ్లి ఆయనకు చూపిస్తే, చదివి, "కరెంటాయన ఏమన్న అన్నడా?" అని అడిగాడు. గొప్పవాళ్లకు కీర్తి మీద ఆశ ఉండదంటారు, నిజమే అనిపించింది. మడిలో నేల అప్పటికే నెర్రెలు విచ్చుతోంది.

రెండో వారంలో హనుమండ్లు ఒక లోపం కనిపెట్టాడు. సూచికలో చూపిన కాగితం జత చేయాలన్నది ఆఫీసు నియమం. జత లేకపోతే ఫైలు అసంపూర్తి. కాబట్టి ఎవరే పని మీద వచ్చినా పదకొండు పేజీల ఇంగ్లీషు పేపరు నకలు తెచ్చి దరఖాస్తుకు కుట్టాలి. రేషన్ కార్డుకు కుట్టాలి, కులం సర్టిఫికెట్‌కు కుట్టాలి, పహాణీ నకలుకు కుట్టాలి. బస్టాండు పక్కన జిరాక్స్ మిషన్ వేడెక్కి రెండుసార్లు ఆగిపోయింది. మూడో వారంలో ఇంకో లోపం బయటపడింది. నకలు ఉత్త నకలు అయితే ఎలా, గెజిటెడ్ అధికారి ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టాలి. మండలంలో గెజిటెడ్ అధికారులు నలుగురే. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, "రాసినాయననే పెడితె మంచిగుంటది, ఆయన గూడ గెజిటెడే గద" అని తీర్మానించారు.

ఇక చూడాలి ఉపకేంద్రం ముందు జనం! ఎనిమిది గంటలకల్లా లైను రోడ్డు దాకా వచ్చేది. గట్టు మీద చాయ్ బండి, మిర్చి బండి వెలిశాయి. బాలమల్లు వరండాలో బల్ల వేసుకుని, పేజీకొకటి చొప్పున మనిషికి పదకొండు సంతకాలు పెట్టేవాడు. వేళ్లు వాచిపోయాయి. పొద్దు గుంకే వేళ జనం తగ్గాక కావడి కట్టుకుని బావిలోంచి నీళ్లు చేది మడికి మోసేవాడు. రెండు వందల పద్నాలుగు వరుసలకు మనిషి మోస్తే ఎక్కడ సరిపోతాయి? అరవై వరుసలకే పోయాలని నిశ్చయించుకుని మిగతావి వదిలేశాడు. ఆ వదిలేసిన రోజు ఆయన అన్నం తినలేదని చాయ్ బండివాడు చెప్పాడు.

ఆ లైనులోనే కనకవ్వ వచ్చింది. మా ఊరిదే, మొగుడు పోయిన మనిషి, అరెకరం పొలం ఉంది. వితంతు పింఛను కోసం మూడోసారి తిరుగుతోంది. బాలమల్లు సంతకాలు పెడుతుంటే ఆమె బల్ల మీదికి వంగి చూసింది.

"కొడుకా, గిండ్ల ఏం రాసినవ్?" అంది.

బాలమల్లు కలం ఆగిపోయింది. అప్పటికి ఎన్నో వేల మంది ఆ పేపరు మోసుకుని తిరిగారు. ఇలా అడిగిన మనిషి ఈమే.

"ఉల్లికోడు ఎరికేనా అవ్వా?"

"ఎరుక లేకేంది? పోయినేడు నా అరెకరమంత గొట్టాలే. ఈయేడు గూడ గట్లనే గొడ్తున్నది. దాని మన్నువడ, కడుపుల సల్ల కదలకుంట మడి మీదికి మడి దుంకవట్టె."

"గీ వరికి కోడు వట్టది," అని ఆయన ఏడో పేజీలో బొమ్మ చూపించాడు. తర్వాత ఆమెను వెనక్కి తీసుకుపోయి మడిలోని వరిపిలక కూడా చూపించాడు. ఆమె పిలకను వేళ్లతో చీల్చి, లోపల గొట్టం లేదని చూసి, "ఓయమ్మ!" అంది. లైనులో జనం గోల పెడుతున్నా ఇద్దరూ చాలాసేపు అక్కడే కూర్చున్నారు.

"గీ వడ్లు నాకు రెండు శేర్లిస్తవా? ఉత్తగ వద్దు, నీ మడిల కలుపు దీస్త."

"ఇస్త. కోత కానియ్యి. నీళ్లందితె కోతైతది."

నేను ఈ సంభాషణ రాసుకోలేదు. అందులో వార్త కనబడలేదు.

లక్ష దాటిన రోజున ఢిల్లీకి రెండు ట్రంకు పెట్టెల నిండా ఉత్తరాలు పోయాయి. జవాబుగా ఒక అచ్చు కాగితం వచ్చింది. అందులో నియమాలు ఉన్నాయి. నాలుగో నియమం: రచయిత తన పేపరును తానే ప్రస్తావించుకుంటే అది స్వీయ సైటేషన్, లెక్కకు రాదు.

"కరెక్టే," అన్నారు మంత్రి గారు. "మనమేం దొంగ ఓట్లు ఏసుకునేటోళ్లమా? ఏరి పారేయుండ్రి."

హనుమండ్లు ఏరడం మొదలుపెట్టాడు. మొదట బాలమల్లు పెట్టుకున్న దరఖాస్తులు తీసేశాడు. తర్వాత, కన్నతండ్రి పెట్టుకుంటే మాత్రం స్వీయం కాదా అని అనుమానం వచ్చింది. రక్త సంబంధీకులవి తీసేశాడు. రక్తం ఎవరెవరిదో ఆఫీసులో తేలదు కాబట్టి దూస ఇంటిపేరు ఉన్నవాళ్లందరివీ తీసేశాడు. సిరిసిల్లలో నాలుగు వీధుల జనానికి కాగితాలు ఆగిపోయాయి. ఆ మర్నాడు మధ్యాహ్నం బస్సు దిగి పర్శరాములు వచ్చాడు, ఉపకేంద్రం గేటు దగ్గర నుంచే అరుస్తూ.

"ఓ బాలమల్లూ! ఏం కాయిదం రాసినవ్‌రా నాయినా! నా రేషన్ కార్డాగింది. మీ పెదబాపు పింఛనాగింది. మనోడు పెద్ద సదువు సదివిండని దావతిచ్చిన నేను. ఇయ్యాల దూసోళ్లంత నా ఇంటి ముంగటికచ్చి నిలవడ్డరు. మొకం సూపియ్యనిస్తలేరు!"

"నేనేం జేద్దు బాపూ?"

"నీ పేరన్న మార్చుకో, లేకుంటె మా ఇంటిపేరన్న మార్పియ్యి!"

తిట్టినంత సేపూ తిట్టి, కొడుకు వాచిన వేళ్లు చూసి, ముసలాయన ఇక సిరిసిల్ల పోలేదు. కావడి తాను ఎత్తుకున్నాడు. అప్పటికి అరవై వరుసలు కూడా ఎండి తొమ్మిది మిగిలాయి. ఆ తొమ్మిదింటి మీదే తండ్రీకొడుకుల ప్రాణం. గింజ పాలు పోసుకుంటోంది.

పన్నెండో దరఖాస్తు సంగతి కూడా చెప్పాలి. ట్రాన్స్‌ఫార్మర్ కోసం బాలమల్లు దరఖాస్తు రాస్తే, సూచికలో తన పేపరు ఉన్నందువల్ల స్వీయ సైటేషన్ కింద చెల్లదని తిప్పి పంపారు. పేపరు పేరు తీసేసి మళ్లీ రాస్తే, సూచిక లేనందువల్ల చెల్లదని తిప్పి పంపారు. రెండు కాగితాలూ పట్టుకుని ఆయన నా దగ్గరికి వచ్చాడు.

"మీరన్న మీ పేరు మీద రాయుండ్రి," అన్నాడు. "మీ ఇంటిపేరు దూస కాదు గద."

నాకు నిజంగానే జాలేసింది. రాద్దామనే అనుకున్నాను. కాని ఆ రెండు రోజులూ "లక్షన్నర దాటిన మన బాలమల్లు" అనే ప్రత్యేక అనుబంధం పనిలో తలమునకలుగా ఉన్నాను. ఆయన గురించే కదా అని సరిపెట్టుకున్నాను.

దీపావళికి రెండు రోజుల ముందు రెండు లక్షలు దాటింది. ఢిల్లీ నుంచి మళ్లీ ఏ కాగితమూ రాలేదు. మౌనం అర్ధాంగీకారమని మంత్రి గారు ప్రకటించి, సన్మాన సభకు ఏర్పాట్లు చేయమన్నారు. సభ ఉపకేంద్రం దగ్గరే పెట్టాలన్నారు. మడి ఎండి సిమెంటు నేలలా గట్టిపడింది కాబట్టి షామియానాకు, వేదికకు చాలా అనుకూలంగా ఉంది. తొమ్మిది వరుసలు ఉన్న మూల మాత్రం పర్శరాములు కట్టె పట్టుకుని నిలబడితే వదిలేశారు. సభ రోజు పొద్దున కొడుకుతో పాటు ఆయన్ను కూడా ఊళ్లోకి తీసుకుపోయి, కొత్త ధోవతి కట్టించి, తెచ్చి వేదిక మీద కూర్చోబెట్టారు, శాస్త్రవేత్త తండ్రి కదా.

స్వాగత బాధ్యత సర్పంచ్ అంతయ్యది. పూలదండ అందరూ వేస్తారు, రైతుబిడ్డ అయిన మంత్రికి వరికంకుల దండ వేయాలని ఆయనకు మంచి ఆలోచన వచ్చింది. పొద్దుటి నుంచి మనుషులను తోలి ఊరి పొలాలన్నీ వెదికించాడు. ఎక్కడ చూసినా గొట్టాలే. దండకు సరిపడా కంకులు ఏ మడిలోనూ దొరకలేదు. చివరికి ఒక్కచోట దొరికాయి, బంగారు రంగులో, నిండు గింజతో, వంగిపోయి. కొడవలి అంతయ్యే స్వయంగా పట్టాడు.

మంత్రి గారు వచ్చారు. దండ వేశారు. అంత అందమైన దండ నేను ఇరవై ఏళ్ల విలేకరి జీవితంలో చూడలేదు. మంత్రి గారు కూడా కింద చూసుకుని మురిసిపోయారు. శాలువా కప్పుతున్నప్పుడు బాలమల్లు కళ్లు దండ మీద పడ్డాయి. దండ మీంచి ఆ మూలకు పోయాయి, మళ్లీ దండ మీదికి వచ్చాయి. శాలువా జారి కిందపడింది. పర్శరాములు కుర్చీలోంచి సగం లేచి, "నా నోట్ల మన్ను వోసిరి!" అన్నాడు. బ్యాండు మోతలో అది ఎవరికీ వినబడలేదు.

"రెండు లక్షల మంది!" అని మంత్రి గారు మైకులో గర్జించారు. "రెండు లక్షల మంది మా డాక్టర్ సాబ్ పేరు తలుచుకున్నరు. ప్రపంచంల ఏ శాస్త్రవేత్తకన్న ఉందా గీ భాగ్యం?"

అప్పుడు జనంలోంచి కనకవ్వ లేచి మెట్లెక్కింది. చేతిలో పదకొండు పేజీలు.

"ఏం గావాలె అవ్వా? పింఛనా?"

"పింఛనచ్చింది దొరా. గీ కాయిదంల రాసిన వడ్లు గావాలె. రెండు శేర్లు."

మంత్రి గారు హనుమండ్లు వైపు వంగి, మైకు ఆపడం మరిచి అడిగారు. "కాయిదంల వడ్ల సంగతున్నదా?"

"ఉన్నదట సార్," అన్నాడు హనుమండ్లు.

"మరి ఇయ్యుండ్రి డాక్టర్ సాబ్. రెండు శేర్లే గద!"

"నా దగ్గర లేవు సార్," అన్నాడు బాలమల్లు.

"ఎవల దగ్గరున్నయ్?"

"మీ మెడల ఉన్నయ్ సార్. గవే. ఇంకెక్కడ లేవు."

ఎంత గొప్ప మాట! నేను చప్పట్లు మొదలుపెట్టాను, ఇక ఆగలేదు. మంత్రి గారి కళ్లు చెమర్చాయి. రెండు చేతులతో దండను గుండెలకు హత్తుకుని, రైతు తన మెడలో వేసిన ఈ నమ్మకాన్ని ప్రాణం పోయినా తీయనని చెప్పి, దండతోనే వేదిక దిగి, దండతోనే జనంలో తోసుకుంటూ నడిచి, దండతోనే కారెక్కి వెళ్లిపోయారు. నా కెమెరా రీలు మొత్తం ఆయనకే అయిపోయింది.

జనం కూడా వెళ్లాక చూస్తే కనకవ్వ వేదిక మెట్ల దగ్గర వంగి ఉంది. తోపులాటలో దండ నుంచి రాలిన గింజలను కారు నిలిచిన చోటు దాకా ఒక్కొక్కటే ఏరుతోంది. పర్శరాములు ఇవతలి వైపు నుంచి ఏరుతున్నాడు. బాలమల్లు వచ్చి వాళ్ల పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఇవి ఏ వరుసయో ఇగ తెల్వది అవ్వా," అన్నాడు. "అన్ని కలిసిపోయినయ్. నా పనికి రావు."

"మొలుస్తయా?"

"మొలుస్తయ్."

"మరింకేంది?" అని కనకవ్వ నడుము నిటారు చేసుకుని, కొంగు చిరిగి ఉందని చూసుకుని, చేతిలోని పదకొండు పేజీల్లో ఒకటి చింపి పొట్లం చుట్టి, పిడికిట్లో ఉన్న గింజలు అందులో పోసింది.

వెనక నుంచి హనుమండ్లు పరుగెత్తుకొచ్చాడు.

"ఓ అవ్వా! పిచ్చిదానివా ఏంది? గా కాయిదం చింపకు! వచ్చే నెల పింఛనుకు మల్ల గదే జత చెయ్యాలె!"

కనకవ్వ తల ఎత్తకుండానే రెండో పేజీ చింపింది.